భాస్వరము కొలిచిన సుబ్బారావు

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనముననే సంగ్రహణి వ్యాధివలన సోదరులను గోల్పోయెను. తానును దాని పాలబడి యెట్లో బయటపడెను. 1922లో బోస్టను చేరి, హార్వర్డున ఫిస్కుతో గూడి, రక్తమునందలి భాస్వరమును నీలవర్ణపు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ జంటపేరు వైద్యవిద్యార్థులకు నేటికిని పరిచితమే. ఆ కొలతయే కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని వెలికి దెచ్చినది. జర్మనీలో లోమానును అదే యేట దానిని వేరుగా కనుగొనెను. జీవకణములలో ఏ.టి.పి. మెగ్నీషియముతో గూడియే పనిచేయునని పిదప తేలినది. ఇంత చేసినను హార్వర్డున స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థకు మారెను. అచట ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. సంగ్రహణికి మందు దొరికినది, సోదరులు లేరు. 1948లో, 53 ఏండ్లకే మరణించెను. విడిచివచ్చిన స్వదేశమును మరల చూడనేలేదు.