ఓటో లిలియెంతాల్

ఓటో లిలియెంతాల్ (మే 23, 1848 - ఆగష్టు 10, 1896) జర్మనీకి చెందిన ఇంజనీరు, విమానయాన ఆద్యులలో ఒకడు. ఇంజను లేని గ్లైడర్లతో ఇతడు సుమారు 2,000 సార్లు గాలిలో తేలాడు. గాలికంటే బరువైన సాధనంతో మనిషి ఎగురుతుండగా తీసిన స్పష్టమైన ఛాయాచిత్రాలు మొదటగా లభించినది ఇతని ప్రయోగాలకే.

బాల్యం, వృత్తి

లిలియెంతాల్ ప్రష్యా రాజ్యంలోని అంక్లాం పట్టణంలో జన్మించాడు. 1861లో తండ్రి మరణించగా తల్లి పిల్లలను పెంచింది. తమ్ముడు గుస్టావ్‌తో కలిసి కొంగల ఎగురుడును గమనించడం, చేతులకు రెక్కలు కట్టుకొని ఎగరబోవడం చిన్ననాడే మొదలైంది. పోట్స్‌డాం, బెర్లిన్ నగరాలలో సాంకేతిక విద్య అభ్యసించి, 1870-71 నాటి ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధంలో సైనికుడిగా పనిచేశాడు. తరువాత బెర్లిన్‌లో ఆవిరి యంత్రాలు, బాయిలర్ల కర్మాగారం స్థాపించాడు. లాభాలలో నాలుగోవంతు కార్మికులకు పంచిన యజమాని అతడు.

ప్రయోగాలు

సోదరులిద్దరూ గిరగిర తిరిగే చేతి వంటి పరికరం నిర్మించి, గాలి రెక్కను ఎంత బలంతో పైకి లేపుతుందో కొలిచారు. బల్లపరుపు రెక్క కంటే పక్షి రెక్కలా స్వల్పంగా వంపు తిరిగిన రెక్క మేలని తేలింది. ఈ ఫలితాలతో 1889లో వెలువడిన గ్రంథం అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1891లో పోట్స్‌డాం సమీపంలోని డెర్విట్జ్ వద్ద మొదటిసారి గాలిలో తేలాడు. 1894లో బెర్లిన్ శివార్లలోని లిష్టర్‌ఫెల్డెలో సుమారు 15 మీటర్ల కృత్రిమ గుట్టను కట్టించుకొన్నాడు. రినో కొండల నుండి 250 మీటర్ల దూరం వరకు తేలగలిగాడు. విల్లో కర్రలు, నూలు గుడ్డతో చేసిన ఈ గ్లైడర్లను ఇతరులకు విక్రయించాడు కూడా.

ఛాయాచిత్రాలు

మనిషి ఎగిరాడన్న వార్తలు అంతకు ముందూ వచ్చేవి. కాని వాటికి తోడుగా ఉండేవి చిత్రకారుల ఊహాచిత్రాలే కనుక శాస్త్రజ్ఞులు వాటిని పట్టించుకొనేవారు కాదు. 1880ల నాటికి పొడి గాజు పలకలు, వేగంగా మూసుకొనే షట్టర్లు వచ్చి, కదిలే వస్తువును చెదరకుండా చిత్రించడం సాధ్యమైంది. 1884లో ఎగిరే కొంగలను ఛాయాచిత్రాలుగా తీసి పేరుపొందిన ఒట్టోమార్ అన్‌షుట్జ్ తరువాత లిలియెంతాల్‌ను కూడా చిత్రించాడు. కార్ల్ కాస్నర్, రిచర్డ్ నాయ్‌హౌస్ తదితరులు తీసినవి కూడా కలిపి వందకు పైగా చిత్రాలు లభిస్తున్నాయి. 1894లో ఇవి అమెరికాలోని మెక్‌క్లూర్స్ పత్రికలో అచ్చయ్యాయి.

ఈ చిత్రాలలో మోచేతులపై ఆనుకొని, కాళ్ళు కిందికి వేలాడదీసిన మనిషి కనిపిస్తాడు. గ్లైడరును అదుపు చేయడానికి అతనికున్న ప్రధాన మార్గం తన శరీరపు బరువును అటూఇటూ జరపడమే. ఆ పద్ధతిలోని లోపం కూడా ఇక్కడే ఉంది: బలమైన గాలివిసురు ముందు ఆ కదలిక చాలదు.

మరణం

అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1896 ఆగష్టు 2న లిలియెంతాల్‌ను చివరిసారి చిత్రించాడు. సరిగ్గా వారం తరువాత, ఆగష్టు 9న, స్టోల్న్ సమీపాన గోలెన్‌బెర్గ్ కొండ వద్ద గాలి తాకిడికి గ్లైడరు ముక్కు పైకి లేచి వేగం కోల్పోయింది. సుమారు 15 మీటర్ల ఎత్తు నుండి పడి అతని మెడ వెన్నుపూస విరిగింది. మరునాడు బెర్లిన్‌లో మరణించాడు.

ప్రభావం

ఈ మరణవార్తే రైట్ సోదరుల ఆసక్తిని తిరిగి రేకెత్తించింది. వారు శరీరపు బరువుపై ఆధారపడక, రెక్కల అంచులను మెలితిప్పే పద్ధతిని ఎన్నుకొన్నారు. తమ గ్లైడర్లు లెక్కకు తగినంతగా పైకి లేవకపోవడంతో మొదట లిలియెంతాల్ పట్టికలనే శంకించారు. కాని 1901 చివర గాలి సొరంగంలో పరీక్షించగా, తప్పు ప్రధానంగా అప్పటికే వాడుకలో ఉన్న గాలి పీడన గుణకానిదని తేలింది.

బెర్లిన్‌లోని టేగెల్ విమానాశ్రయానికి 1988లో ఇతని పేరు పెట్టారు. అది 2020 నవంబరులో మూతపడింది. అంక్లాంలో ఇతని పేర మ్యూజియం ఉంది.