చూపు లేకపోయినా మంచులో దారి వేశారు

బోగోలు తీరంలో మంచు పడదు. కానీ మంచుదేశం నార్వేలో ఎర్లింగ్ స్టోర్డాల్ చేసిన పని ఇక్కడి ఇళ్లకూ పనికొస్తుంది. 1923లో పుట్టిన ఆయనకు చిన్న వయసులోనే చూపు పోయింది. అయినా గాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. చూపులేని వాళ్లు ఇంట్లోనే కూర్చోవాలంటే ఒప్పుకోలేదు. 1964లో బైటోస్టోలెన్‌లో వాళ్ల కోసం రిడ్డర్‌రెన్నెట్ అనే స్కీ పోటీ మొదలుపెట్టారు. మంచులో వేసిన గాడిలో స్కీలు జారుతుంటే, పక్కన వచ్చే మనిషి మలుపు ఎక్కడో, పల్లం ఎక్కడో నోటితో చెబుతారు. కాళ్ల కష్టమంతా పోటీదారుడిదే. 1970లో అక్కడే దివ్యాంగుల కోసం ఆరోగ్య క్రీడా కేంద్రం తెరిపించారు. శీతాకాల పారాలింపిక్స్ మొదలైంది 1976లో, అంటే ఆయన పోటీ పెట్టిన 12 ఏళ్లకు. 1994లో ఆయన కన్నుమూశారు. చూపులేని బిడ్డకు కావాల్సింది జాలి కాదు, పక్కన నడిచే ఒక గొంతు అని ఆయన జీవితం చూపించింది.