కాటన్ దొర

గోదావరి, కృష్ణ నదులు సముద్రమును చేరుటకు ముందు కొనివచ్చిన ఒండ్రుమట్టితో రెండు విశాలమైన డెల్టాలు ఏర్పడినవి. ఆ రెండింటి నడిమి పల్లమున కొల్లేరు సరస్సు కలదు. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు మున్నగు ఏరులు మెట్టప్రాంతములనుండి వచ్చి అందులో కలియును. సరస్సులో మిగిలిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవును. కొల్లేటికి ఉత్తరముగా ఏలూరు పట్టణమును, ఏలూరికి తూర్పుగా తాడేపల్లిగూడెమును ఉన్నవి. ఈ రెండు పట్టణముల మీదుగా ఏలూరు కాలువ ప్రవహించుచున్నది. తూర్పునుండి గోదావరి నీటిని తెచ్చు ఈ కాలువయు, పడమటినుండి కృష్ణ నీటిని తెచ్చు కాలువయు ఏలూరివద్ద ఒకదానితో నొకటి కలిసికొనును.

ఇప్పుడీ ప్రాంతమును చూచువారికి ఇది అనాదిగా పచ్చని పైరులతో నిండియుండెనని తోచవచ్చును. కాని పందొమ్మిదవ శతాబ్దమున మొదటి నలుబది ఏండ్లలో దీని స్థితి వేరు. వానకాలములో గోదావరి గట్లు తెంచుకొని ఊళ్ళను ముంచెడిది. వరద తీయగానే ఆ నీరంతయు సముద్రము పాలయ్యెడిది. వానలు లేని యేట నది ఒడ్డుననే పైరులు ఎండిపోయెడివి. 1832-33లో నందన నామ సంవత్సరమున ఘోరమైన కరువు వచ్చెను. ఒక్క గుంటూరు మండలములోనే ఉన్న సుమారు 5 లక్షల జనములో 2 లక్షలమంది నశించిరి. 1839లో తుఫాను, ఉప్పెన కోరంగి తీరమును పాడుచేసెను. రాజమహేంద్రవరము మండలములో 1821లో 7 లక్షలకు పైగా ఉన్న జనసంఖ్య ఇరువదేండ్లు గడచునప్పటికి సుమారు 5½ లక్షలకు దిగజారెను. శిస్తు వసూలు పడిపోయెను. రైతులు పొలములు విడిచి వలసపోయిరి. ఇట్టి దుస్థితిలో ఈ సీమకు వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్.

కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. ఆయన తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదునైదేండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కూంబ్ సైనిక విద్యాలయములో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో ఉద్యోగము పొందెను. 1821లో భారతదేశమునకు వచ్చెను. మొదటి బర్మా యుద్ధములో పనిచేసిన పిమ్మట ఆయన మనస్సు నదులవైపు మరలెను.

తంజావూరు సీమలో కావేరిపై చోళరాజుల కాలమునాటి కల్లణై అను పురాతనమైన ఆనకట్ట కలదు. అడుగున గట్టి రాయి లేని ఇసుకలో ఆ కట్టడము వందల యేండ్లు ఎట్లు నిలిచినదని కాటన్ శ్రద్ధతో పరిశీలించెను. నది ఇసుకలోనే పునాది వేయవచ్చునను రహస్యమును ఈ దేశపు ప్రాచీన శిల్పులవద్ద నేర్చుకొంటినని ఆయన దాచుకొనక ఒప్పుకొనెను. ఆ జ్ఞానముతో 1836లో కొల్లిడముపై ఆనకట్టలు కట్టించెను. తంజావూరు పొలములకు నీటి భద్రత చేకూరెను.

1844లో కాటన్ గోదావరిని పరిశీలించుటకు వచ్చెను. అప్పటికే ఎండదెబ్బలవలన, జ్వరములవలన ఆయన ఆరోగ్యము చెడియుండెను. అయినను గుఱ్ఱముపైనను కాలినడకను తిరిగి నది వాలును, నేల మెరక పల్లములను కొలిపించెను. ధవళేశ్వరము వద్ద నది లంకలచేత నాలుగు పాయలుగా చీలియుండెను. అచ్చట ఆనకట్ట కట్టినచో రెండు ఒడ్డుల డెల్టా భూములకును నీరు పారునని నిర్ణయించెను.

కాని నదిని కొలుచుటకంటె పాలకులను ఒప్పించుట కష్టమయ్యెను. ఈస్టిండియా కంపెనీ వర్తకుల సంఘము. ప్రతి రూపాయికిని లాభమెంతయని అడుగుట దాని అలవాటు. అందువలన కాటన్ ప్రజల బాధను మాత్రమే వర్ణించి ఊరకుండలేదు. కరువువలన శిస్తు ఎంత తగ్గినదో, నీరు పారినచో పంట ఎంత పెరుగునో లెక్కలు కట్టి చూపెను. దయకలవారికి దయను, ధనమును చూచువారికి లెక్కను ముందుంచెను.

ఆ రోజులలో ఐరోపాలోనే ఇట్టి వాదము సాగుచుండెను. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పైరునకు తెగులు సోకి కరువు ప్రారంభమయ్యెను. విదేశపు ధాన్యముపై సుంకములు విధించు చట్టములను ఎత్తివేయవలెనా యని ఇంగ్లండు పార్లమెంటులో గొప్ప చర్చ జరిగి, 1846లో అవి రద్దయ్యెను. ప్రజల ఆకలి తీర్చుట ప్రభుత్వపు బాధ్యతయా, లేక వర్తకమే దానిని తీర్చునా యను ప్రశ్న ఆనాటి రాజనీతిజ్ఞులను కలతపెట్టెను. ఆ యేడే డిసెంబరు 23వ తేదీన గోదావరి ఆనకట్టకు అనుమతి లభించెను.

1847లో పని మొదలయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము పాయలకు అడ్డముగా రెండు మైళ్ళకు పైగా రాతికట్టడము లేవవలసియుండెను. ధవళేశ్వరపు కొండరాయిని కొట్టి తెచ్చిరి. వేలకొలది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు, తాపీపనివారు శ్రమించిరి. వరద వచ్చినప్పుడు కట్టినది కొట్టుకొనిపోకుండ వేసవిలోనే ముఖ్యమైన పనులు ముగింపవలసి వచ్చెను. పనివారిని కూర్చుటలోను, పనులు నడపుటలోను వీణెం వీరన్న అను ఆంధ్రుడు కాటన్‌కు కుడిభుజముగా నిలిచెను. నడుమ కాటన్ జబ్బుపడి సెలవుపై వెళ్ళినప్పుడు కెప్టెన్ ఓర్ పనిని సాగించెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. అటుపిమ్మట ఓర్ ఆధ్వర్యమున విజయవాడవద్ద కృష్ణకును ఆనకట్ట లేచెను.

ఆనకట్టతోనే పొలమునకు నీరు చేరదు. తలతూములు, లాకులు, కాలువలు, పిల్లకాలువలు, మురుగుకాలువలు అన్నియు కావలెను. విజ్జేశ్వరమునుండి బయలుదేరిన పడమటి కాలువలు తాడేపల్లిగూడెము, ఏలూరు ప్రాంతములకు గోదావరి నీటిని తెచ్చినవి. నేల ఎత్తు మారినచోట లాకులు కట్టి, పడవలు పైకిని క్రిందికిని పోవునట్లు చేసిరి. ఏలూరు కాలువ రెండు నదులను కలుపుటవలన ధాన్యపు పడవలు గోదావరినుండి కృష్ణవరకు సాగినవి. పొలములలో మిగిలిన నీరు మురుగుకాలువల గుండా కొల్లేటికి చేరును. రెండు డెల్టాల అదనపు నీటిని కొంతకాలము నిలిపి, మెల్లగా ఉప్పుటేటికి వదలు ఆ సరస్సు లేకున్నచో చుట్టునున్న ఊళ్ళకు వరదభయము మరింత ఎక్కువయ్యెడిది.

కాటన్ 1860లో ఉద్యోగమునుండి విరమించి ఇంగ్లండు చేరెను. 1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. అయినను ఆయన విశ్రమింపలేదు. భారతదేశమున ప్రభుత్వధనమును దేనికి ముందుగా వెచ్చింపవలెనను వాదములో ఆయన దిగెను. అప్పటి ప్రభుత్వము రైలుమార్గములను ఎక్కువగా కోరుచుండెను. రైలు కంపెనీలు పెట్టిన మూలధనముపై నూటికి 5 వంతుల వడ్డీ తప్పక వచ్చునని ప్రభుత్వము హామీ ఇచ్చెను. లాభము తగ్గినచో ఆ లోటును భారతదేశపు పన్నులనుండి పూరించుచుండిరి. 1857 తిరుగుబాటు పిమ్మట సైన్యమును త్వరగా నడపుటకు రైలు అవసరమను భావము మరింత బలపడెను. దేశరక్షణ, వర్తకము అను రెండు కారణములను రైలుపక్షమువారు చూపిరి.

కాటన్ వాదము వేరు. రైలు ఉన్న ధాన్యమును ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చును గాని, క్రొత్తగా ఒక్క గింజనైన పండింపదు. కాలువ పంటను పండించును, ఆ పంటను చౌకగా మోయును. కడుపు నిండిన ప్రజలే రాజ్యమునకు నిజమైన రక్షణ. ఇది ఆయన నమ్మకము.

ప్రతిపక్షమువారి మాటలును తేలికగా త్రోసివేయదగినవి కావు. ప్రతి నదియు గోదావరి కాదు. కరువు యేట నదియే ఎండినచో కాలువలో నీరెక్కడిది? అదియుగాక కాటన్ ప్రోత్సహించిన కొన్ని పథకములు విఫలమైనవి. కర్నూలు కడప కాలువను త్రవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ నష్టపడెను. నల్లరేగడి భూముల రైతులు డబ్బిచ్చి కాలువనీరు తీసికొనుటకు ముందుకు రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చెను. ఒరిస్సా కాలువలు త్రవ్విన కంపెనీయు నిలువలేదు. గోదావరిలో కలిగిన విజయము అన్నిచోట్ల కలుగునని తలచుటలో కాటన్ ఉత్సాహము ఆయన వివేకమును మించెనని చెప్పక తప్పదు.

ఇంతలో 1876లో ధాత కరువు వచ్చెను. దక్షిణ భారతమున రెండేండ్లు వానలు లేవు. ధాన్యపు ధరలలో ప్రభుత్వము కలుగజేసికొనరాదని పాలకులు పట్టుపట్టిరి. సహాయపు పనులలోని కూలీలకు ఇచ్చు బత్తెమును తగ్గించిరి. రైలు స్టేషనులలో ధాన్యపు బస్తాలు ఉన్నను, కొనుటకు కూలివాని చేతిలో కాసు లేదు. లక్షలాది జనము మరణించిరి. ఆ కష్టకాలమున గోదావరి, కృష్ణ, కావేరి డెల్టాలు మాత్రము పండినవి. ఒకనాడు జనము విడిచిపోయిన గోదావరి సీమయే ఇతరులకు ధాన్యము పంపగలిగెను.

ఈ కరువు లండనులో కలవరము పుట్టించెను. జాన్ బ్రైట్ అను పార్లమెంటు సభ్యుడు కాలువల పక్షమున మాటలాడెను. ధాన్యపు సుంకముల రద్దుకై పూర్వము పోరాడిన నాయకుడాతడే. రోగుల సేవచే జగత్ప్రసిద్ధురాలైన ఫ్లారెన్స్ నైటింగేల్ కాటన్‌ను బలపరచెను. 1878లో భారతదేశపు ప్రజాపనులను విచారించుటకు పార్లమెంటు ఒక సంఘమును నియమించెను. డెబ్బదియైదేండ్ల వృద్ధుడైన కాటన్ దాని యెదుట నిలిచి అనేక ప్రశ్నలకు సమాధానము చెప్పెను. నష్టపడిన కాలువల లెక్కలను ముందుంచి సభ్యులు ఆయనను నిలదీసిరి. ఆయన గోదావరి డెల్టాను చూపి తన పక్షమును సమర్థించుకొనెను. ఆ సంఘము ఆయన వాదమును అంగీకరింపలేదు. అదే సంవత్సరమున ఆఫ్గన్ యుద్ధము ప్రారంభమై ఖజానాపై క్రొత్త భారము పడెను.

అయినను ఆ వాదము వృథా పోలేదు. 1880లో నివేదిక సమర్పించిన కరువు సంఘము రైలుమార్గములతోపాటు నీటిపారుదల పనులును కరువునుండి రక్షించు సాధనములని గుర్తించెను. కాలము గడచినకొలది రెండును అవసరమేయని తేలెను. తరువాత వచ్చిన రైలుమార్గము తాడేపల్లిగూడెము, ఏలూరు మీదుగానే సాగెను. ఒకప్పుడు లండనులో పరస్పర శత్రువులవలె వాదములకెక్కిన కాలువయు రైలును నేడు ఒకే పట్టణములకు సేవచేయుచున్నవి.

కాటన్ తన చివరి దినములను డోర్కింగ్ పట్టణమున గడపెను. అక్కడ కూడ నేలను లోతుగా దున్ని గోధుమపంటను పెంచు ప్రయోగములు చేయుచుండెను. 1899 జూలై 24వ తేదీన, తొంబదియారేండ్ల ప్రాయమున, ఆయన మరణించెను. ఆయన కట్టించిన ఆనకట్ట పాతబడగా 1970లో పని మొదలిడి దాని సమీపమున క్రొత్త బ్యారేజిని కట్టి, దానికి ఆయన పేరే పెట్టిరి. సుమారు 10 లక్షల ఎకరముల డెల్టా భూమికి నేడు దానినుండి నీరు పారుచున్నది. గోదావరి మండలముల ఊళ్ళలో గుఱ్ఱముపైనున్న ఆయన విగ్రహములు కనబడును. స్నానసంకల్పములో ఆయన పేరును తలచిన పురోహితులు ఉండిరని అచ్చటివారు చెప్పుకొందురు.

కాటన్ పరాయి పాలనకు సేవకుడు. ఆయన పారించిన నీటివలన రైతు బాగుపడినట్లే కంపెనీ ఖజానాయు నిండెను. ఈ రెండును నిజములే. కాని జనము చచ్చిన తరువాత చేయు దానముకంటె, కరువు రాకముందే చేయు పని గొప్పదని ఆయన గ్రహించెను. గ్రహించినదానిని వినువారు లేకున్నను జీవితాంతము చెప్పుచుండెను. ఆ పని ఒక్కసారి చేసి విడువదగినది కాదు. కాలువల పూడిక తీయవలెను, గట్లు కాపాడవలెను. కొల్లేటి గర్భమును చేపలచెరువుల గట్లు ఆక్రమింపగా, 2006లో ప్రభుత్వము పూనుకొని వానిలో అనేకమును తొలగింపవలసివచ్చెను. నీటిని తెచ్చుట ఒక తరము పని; దాని దారిని కాపాడుట ప్రతి తరమునకును పని.