ఓటు అడిగిన రోజే పోయిన ఇల్లు

ఫానీ లూ హేమర్ పేరు వినగానే ఓటు హక్కు పోరాటం గుర్తుకొస్తుంది. 1964లో అట్లాంటిక్ సిటీలో, డెమొక్రటిక్ పార్టీ మహాసభ అర్హతల కమిటీ ముందు ఆమె ఇచ్చిన సాక్ష్యం చరిత్రకెక్కింది. ఆ తరువాతి పదేళ్ల జీవితం మాత్రం ఎక్కువమందికి తెలియదు. నేను ఆమె జీవితాన్ని ఇంటి కోసం సాగిన పోరాటంగా చదువుతాను. ఓటు అడిగిన రోజే ఆమె ఇల్లు పోయింది. ఆ ఇల్లు కామందుది కావడమే దానికి కారణం.

1917లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, ఇరవై మంది బిడ్డల్లో ఆఖరి సంతానంగా ఆమె పుట్టారు. తల్లిదండ్రులు పాలుకు పత్తి సాగు చేసేవారు. కుటుంబం సన్‌ఫ్లవర్ కౌంటీకి వలస వచ్చింది. ఆరేళ్ల వయసుకే ఆమె పత్తి తీతకు దిగారు. తండ్రి కూడబెట్టి కంచరగాడిదలను, ఆవును కొంటే, ఓర్వలేని తెల్లవాడొకడు వాటి మేతలో విషం కలిపాడు. పాలుకాపు సొంత ఆస్తి సంపాదించుకోవడాన్నే ఆ వ్యవస్థ నేరంగా చూసింది. పెళ్లయ్యాక హేమర్, ఆమె భర్త పెర్రీ రూల్‌విల్ దగ్గర ఒక పత్తి కామందు వద్ద పనికి కుదిరారు. చదవడం, రాయడం వచ్చినందున కూలీల హాజరు, పత్తి తూకం లెక్కలు ఆమె చేతికి వచ్చాయి. కాపురం మాత్రం కామందు ఇచ్చిన ఇంట్లోనే.

1962 ఆగస్టు 31న మరో పదిహేడు మందితో కలిసి బస్సులో ఇండియనోలా వెళ్లి ఓటరుగా నమోదుకు దరఖాస్తు చేశారు. రాజ్యాంగంలోని ఒక సెక్షన్‌కు అర్థం చెప్పమని అడిగి, అక్కడ ఆమెను తప్పించారు. తిరుగు ప్రయాణంలో బస్సు రంగు మరీ పసుపుగా ఉందన్న సాకుతో పోలీసులు డ్రైవరుకు జరిమానా వేశారు. ఇల్లు చేరేసరికి కామందు వచ్చాడు. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా వెళ్లిపో అన్నదే అతని మాటల సారం. పద్దెనిమిదేళ్లు పనిచేసిన చోటును ఆమె ఆ రాత్రే విడిచారు. పది రోజులకు ఆమెకు ఆశ్రయమిచ్చిన ఇంటి మీద తుపాకులు పేలాయి. 1963 జనవరిలో ఆమె పరీక్ష నెగ్గారు. అదే ఏడాది జూన్‌లో వినోనా జైలులో కొట్టిన దెబ్బలు ఆమె శరీరాన్ని జీవితాంతం బాధించాయి.

1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది. అయితే కామందు నేల మీద నివసించేవారి ఓటు, ఆ నేల మీద ఉన్నంతవరకు, స్వేచ్ఛగా ఉంటుందా? హేమర్ ఈ ప్రశ్నను సిద్ధాంతంగా వదిలేయలేదు. అప్పటికే యంత్రాలు, కలుపు మందులు పత్తి కూలీల పనిని మింగేస్తున్నాయి. పనితోపాటే గూడూ పోతోంది.

చట్టంలో దారి లేకపోలేదు. బ్యాంకు అప్పు పుట్టని గ్రామీణులకు ప్రభుత్వమే ఇంటి రుణమిచ్చే ఏర్పాటు 1949 గృహనిర్మాణ చట్టంలో ఉంది. మొదట అది భూమి ఉన్న రైతుకే పరిమితం. 1961లో సేద్యం చేయని గ్రామీణులకూ విస్తరించింది. 1968 చట్టం పేదలకు వడ్డీ భారాన్ని ఒక శాతం దాకా తగ్గించే వీలు కల్పించింది. ఈ రుణాలను నడిపిన సంస్థ ఫార్మర్స్ హోమ్ అడ్మినిస్ట్రేషన్. దాని రుణ వ్యవస్థలో ప్రతి కౌంటీలోనూ ఒక అధికారి, ముగ్గురు స్థానికుల కమిటీ ఉండేవి. దక్షిణాదిలో ఆ స్థానికులు ఎవరై ఉంటారో ఊహించడం కష్టం కాదు. నల్ల రైతులకు చిన్న అప్పులు, తిండికీ ఏటి సాగుకూ సరిపోయేవి మాత్రమే దక్కుతున్నాయని, ఆస్తిని పెంచే పెద్ద అప్పులు తెల్లవారికి పోతున్నాయని 1965లో పౌరహక్కుల కమిషనే తేల్చింది. చట్టం వాషింగ్టన్‌లో పుట్టినా దాని తాళంచెవి కౌంటీ పెద్దల జేబులోనే ఉండిపోయింది.

1969లో హేమర్ ఫ్రీడమ్ ఫార్మ్ సహకార సంఘాన్ని స్థాపించారు. నలభై ఎకరాలతో మొదలై, భూమి ఆరువందల ఎకరాలు దాటింది. నెలకు ఒక డాలరు సభ్యత్వం. ఆ డాలరు కట్టలేని కుటుంబాలకూ కూరగాయలు అందేవి. ఇంటి విషయంలో సంఘం చేసిన పని మరింత లోతైనది. స్థలం లేనివారికి స్థలం చూపింది, దరఖాస్తులు నింపడంలో తోడు నిలిచింది, తొలి చెల్లింపుకు సాయం చేసింది, ప్రభుత్వ రుణానికి దారి చూపింది. పాలుకాపుల పిల్లలు మొదటిసారి తమ పేరున ఉన్న గడప దాటారు.

ఈ కథకు సుఖాంతం లేదు. వాతావరణం దెబ్బతీసింది, విరాళాలు తగ్గాయి, భూమి వాయిదాలు మిగిలిపోయాయి. 1970ల మధ్యకు సంఘం భూములు చేజారాయి. 1977 మార్చి 14న క్యాన్సర్‌తో హేమర్ కన్నుమూశారు. ఫ్రీడమ్ ఫార్మ్ కొన్న నేలలోనే ఆమె సమాధి ఉంది. అదే కౌంటీలో వేల ఎకరాల పత్తి భూమికి యజమాని అయిన సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్ అప్పటికీ సెనేట్‌లోనే ఉన్నారు.

1873లో ఫూలే తన గులాంగిరీని బానిసత్వం నిర్మూలించిన అమెరికన్లకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ డుబాయ్స్‌కు ఉత్తరం రాశారు. ఆ బంధుత్వాన్ని స్మరించుకునే మనం హేమర్ చివరి పదేళ్లనూ చదవాలి. జాతి వేరు, కులం వేరు. రెండింటినీ ఒకటిగా కలిపేయనక్కరలేదు. అయినా దొర నేల మీద గుడిసె వేసుకున్న జీతగాడికి ఆ గుడిసె ఎందుకు సంకెల అయిందో తెలుగు పల్లెకు ఎవరూ చెప్పనక్కరలేదు. వాడలో ఇంటి పట్టా కోసం తిరిగినవారికి లబ్ధిదారుల జాబితా ఎవరి అరుగు మీద తయారవుతుందో తెలుసు. పథకం ప్రకటించగానే సమానత్వం వచ్చిందని మురిసేవారిని నేను కోరేది ఒక్కటే. రుణం మొత్తం ఎంతని అడిగే ముందు, ఆ కమిటీలో ఎవరు కూర్చున్నారని అడగండి.