ఒక లైను మార్పించిన పోస్టెల్

నరసరావుపేటలోనో చీరాలలోనో కాలేజీ ల్యాబ్‌లో మొదటిసారి డీఎన్ఎస్ సర్వర్ పెట్టబోతున్నారా? అయితే జాన్ పోస్టెల్ గురించి మీకు తెలియాలి.

గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు తెచ్చే రైతుకి కమీషన్ కొట్టు పేరే గుర్తుంటుంది. బండి ఆగాల్సింది మాత్రం కొట్టు నంబరు దగ్గర. ఇంటర్నెట్టూ అంతే. మనం పేరు కొడతాం, కంప్యూటర్‌కి ఐపీ నంబరు కావాలి. మొదట్లో పేర్లూ నంబర్లూ అన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ దాన్ని రాస్తుంటే మిగతావాళ్లు కాపీ చేసుకునేవారు.

పోస్టెల్ 1943లో ఆ కాలిఫోర్నియాలోనే పుట్టారు. యూసీఎల్ఏలో చదువుతుండగానే, 1969లో, నెట్‌వర్క్ నియమాలు రాసే ఆర్ఎఫ్‌సీ పత్రాలకు ఎడిటర్ అయ్యారు. చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. ఒక్క ఫైలుతో ఇక నడవదని తేలాక, అప్పటికే ఉన్న ఐదు ప్రతిపాదనల్ని కలిపి దారి చూడమని పాల్ మొకాపెట్రిస్‌కి అప్పగించిందీ ఆయనే. మొకాపెట్రిస్ ఆ ఐదింటినీ పక్కనపెట్టి 1983లో కొత్తగా డీఎన్ఎస్ తెచ్చారు. ఏ దేశం పేరు ఎవరి చేతికివ్వాలో చూసే బాధ్యత పోస్టెల్ మీద పడింది. మన డాట్ ఇన్ 1989లో వచ్చింది.

ఇప్పుడు మీ సర్వర్ దగ్గరికి రండి. బైండ్‌లో జోన్ ఫైల్ రాసి, ఎస్ఓఏ, ఎన్ఎస్ రికార్డులిచ్చి, ఒక్కో పేరుకీ ఐపీతో ఏ రికార్డు పెడితే ప్రైమరీ సిద్ధం. రెండోది సెకండరీ. కాపీ ఏ సర్వర్ నుంచి తెచ్చుకోవాలో దాని కాన్ఫిగరేషన్‌లో ఒక లైను చెబుతుంది. పాత బైండ్‌లో మాస్టర్స్, కొత్తదాంట్లో ప్రైమరీస్. (ఫైలు మార్చిన ప్రతిసారీ సీరియల్ నంబరు పెంచండి. లేకపోతే సెకండరీ కొత్త కాపీ తీసుకోదు. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.)

1998 జనవరి 28న పోస్టెల్ మార్పించింది అలాంటి లైనునే. అన్ని పేర్లకూ మూలం రూట్ జోన్. దాని కాపీని మిగతా రూట్ సర్వర్లు నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ నడిపే సర్వర్ నుంచి తెచ్చుకునేవి. ఇకమీదట తన సర్వర్ నుంచి తెచ్చుకోమని 8 రూట్ సర్వర్ల నిర్వాహకులకు ఆయన మెయిల్ పెట్టారు. మార్చేశారు! ఆయన్ని ఏళ్ల తరబడి చూసినవాళ్లు మరి. రెండుచోట్లా ఫైలు ఒకటే కాబట్టి వాడేవాళ్లకి తేడా తెలియలేదు. అమెరికా ప్రభుత్వానికి మాత్రం తెలిసింది, గట్టిగా పట్టుబట్టింది. కొద్దిరోజుల్లోనే పాత సర్వర్‌కి తిప్పేశారు. అది పరీక్ష మాత్రమేనని పోస్టెల్ చెప్పారు. నాకైతే నమ్మబుద్ధి కాదు; పేర్ల పుస్తకం ఒక కంపెనీ సొత్తు కాదని చూపించాలనుకున్నారేమో.

ఆ బాధ్యతలు తీసుకోవడానికి అదే ఏడాది సెప్టెంబరులో ఐకాన్ సంస్థ ఏర్పాటైంది. గుండె ఆపరేషన్ తర్వాత తలెత్తిన ఇబ్బందులతో అక్టోబరు 16న పోస్టెల్ చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 55.