జోగేంద్రనాథ్ మండల్: మంత్రి పదవి నుంచి శరణార్థి బతుకు దాకా



రాజ్యాంగం అనగానే మీకు బాబాసాహెబ్ గుర్తొస్తారు. మరి ఆయన రాజ్యాంగ సభలోకి ఎలా అడుగుపెట్టారో ఎప్పుడైనా ఆలోచించారా? 1946లో సొంత బొంబాయి రాష్ట్రంలో ఆయనకు దారి మూసుకుపోయింది. అప్పుడు బెంగాల్ నుంచి ఆయన్ని గెలిపించడానికి ముందు నిలబడిన మనిషి జోగేంద్రనాథ్ మండల్. ఆ రుణం మనమీద ఉంది. అందుకే ఆయన జీవితం తెలుసుకోవాలి, చివర్లో జరిగిన పతనంతో సహా.

మండల్ 1904లో తూర్పు బెంగాల్‌లోని బరిసాల్ జిల్లాలో నమశూద్ర కుటుంబంలో పుట్టారు. లా చదివారు. 1937 ఎన్నికల్లో రిజర్వుడు సీటు కాదు, జనరల్ సీటులో ఇండిపెండెంటుగా నిలబడి కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించారు. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. తర్వాత బాబాసాహెబ్ షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌ను బెంగాల్‌లో నిలబెట్టారు.

తూర్పు బెంగాల్‌లో ముస్లిం రైతు, నమశూద్ర రైతు ఒకే జమీందారు కింద నలిగినవాళ్లు. ఇద్దరూ కలిస్తే బాగుపడతారని మండల్ నమ్మారు. ఆ నమ్మకంతోనే ముస్లిం లీగ్‌తో నడిచారు. 1947 ఆగస్టు 10న కరాచీలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ తొలిసారి కూర్చుంటే, తాత్కాలిక అధ్యక్షుడు ఆయనే. ఆ దేశపు మొదటి న్యాయశాఖ మంత్రి కూడా ఆయనే.

అదే ఏడాది చివర్లో బాబాసాహెబ్, పాకిస్తాన్‌లో ఉండిపోయిన మనవాళ్లను భారత్‌కు వచ్చేయమన్నారు. మండల్ మాత్రం అక్కడే ఉన్నారు. 1948 సెప్టెంబరులో జిన్నా చనిపోయారు. 1950 మొదట్లో తూర్పు బెంగాల్‌లో మారణకాండ జరిగింది. ఆయన సొంత బరిసాల్ కూడా మంటల్లో పడింది. మంత్రి కుర్చీలో ఉండి కూడా తనవాళ్లను కాపాడుకోలేకపోయారు. 1950 అక్టోబరు 8న, భారత్‌కు వచ్చాక, ప్రధాని లియాఖత్ అలీఖాన్‌కు పొడవాటి రాజీనామా లేఖ రాశారు. జరిగిన దారుణాలన్నీ అందులో పెట్టారు.

ఇక్కడ ఆయన్ని ఎవరూ దగ్గరకు తీయలేదు. అక్కడ ద్రోహి అన్నారు, ఇక్కడ అనుమానంగా చూశారు. శరణార్థుల కోసం తిరిగారు. ఎన్నికల్లో నిలబడ్డారు, ఓడిపోయారు. 1968 అక్టోబరు 5న బన్‌గావ్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు మీరే చెప్పండి, ఆయన్ని తిట్టి వదిలేద్దామా? కోపంతో చూస్తే ద్రోహి కనిపిస్తాడు, మోహంతో చూస్తే దేవుడు కనిపిస్తాడు. ధమ్మం ఈ రెండూ వద్దంటుంది, ఉన్నది ఉన్నట్టు చూడమంటుంది. మండల్‌కు జనం మీద ప్రేమ తక్కువ కాలేదు. కానీ ఆ జనం భద్రత సొంత సంఘబలం మీద కాక, పైనున్న కొందరి మాట మీద నిలబడింది. ఆ మనుషులు పోయాక, ఆ మాటా పోయింది.

రేపు ఏ పార్టీ అయినా మన నాయకుడికి కుర్చీ వేస్తే, చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఆ కుర్చీ తీసేస్తే మన వాడ గతేంటి?

నమో బుద్ధాయ! జై భీమ్!