సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ – ఎలుకల పోషకుడు

సిరొంచలో బియ్యము అమ్ము మాకు తెల్లగా మెరయు బియ్యమునకే గిరాకి యెక్కువ. ఆ తెలుపులోని లోపమును ఎలుకల మూలమున లోకమునకు చూపినవారిలో మెక్‌కారిసన్ దొర ఒకరు. అహింసావ్రతులమగు మనకు ఆయన చరిత్ర సంతోషమును, సంకోచమును రెండింటిని కలిగించును.

ఆయన 1878లో ఐర్లండునందలి పోర్టడౌన్ పట్టణమున జన్మించి, వైద్యము చదివి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరిరి. గిల్గిట్‌లో గళగండ వ్యాధిని పరిశోధించునపుడు, అనుమానపు నీటిలోని మడ్డిని తానే త్రాగి చూచిరి. ముందు తన దేహముపైననే ప్రయోగము! ఈ యొక్క సంగతికే ఆయనకు నమస్కరింపవచ్చును.

1918లో కూనూరు పాస్టర్ ఇన్‌స్టిట్యూటున ఆహారలోప వ్యాధుల పరిశోధన ప్రారంభించిరి. పొదుపు పేరిట 1923లో అది ఆగి, 1925లో మరల సాగెను.

అచ్చట ఆయన సుమారు వేయి ఎలుకలను పెంచిరి. వానికి గోధుమ రొట్టె, వెన్న, మొలకెత్తిన శనగలు, పచ్చి క్యారట్, క్యాబేజీ, పాలు పెట్టెడివారు. వారమున కొకసారి కొంచెము మాంసము కూడ పెట్టిరి. మనకు రుచింపని మాటయైనను దాచరాదు. శుభ్రమైన వసతి, ప్రతిదినము ఎండ. ఇట్లు పెరిగిన వానిలో రెండేండ్లకు పైగా రోగముగాని సహజమరణముగాని కానరాలేదని ఆయన ప్రకటించిరి.

ఇది దయ మాత్రమే కాదు, లెక్క కూడ. మందలోనే జబ్బున్నచో పరీక్ష ఫలితము చెడును. చెడిన పరీక్షను మరల చేయవలెను. మరికొన్ని ప్రాణములు పోవును, ఖర్చును పెరుగును. తూకపురాయి తప్పైనచో దినమంతటి బేరము తప్పునుగదా!

పిమ్మట వేర్వేరు ప్రాంతముల భోజనములను ఎలుకలకు పెట్టి చూచిరి. సిక్కుల భోజనము తిన్నవి సగటున 235 గ్రాములు తూగగా, మద్రాసువారి బియ్యపు భోజనము తిన్నవి 155 గ్రాములే తూగినవి. ఇట్టి పరిశోధనలలో ఎలుకలను చంపి అవయవములను పరీక్షించుటయు కలదు. బాగుగ పెంచినంతమాత్రమున హింస హింస కాకపోదు. దానిని నేను మెచ్చజాలను. అయినను దంపుడు బియ్యము మేలని వైద్యులు చెప్పినపుడెల్ల ఆ మూగజీవుల ఋణము నాకు జ్ఞప్తికి వచ్చును.

1933లో సర్ బిరుదు పొంది, 1935లో ఆయన విరమించిరి. ఆ పరిశోధనాలయము 1958లో మనము సరకునకు పోవు హైదరాబాదుకే తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. ఆయన 1960 మేలో ఆక్స్‌ఫర్డ్‌లో మరణించిరి. ఆ సంవత్సరమే మన పార్లమెంటు జంతుహింసా నివారణ చట్టము చేసెను. సాధ్యమైనచోట ప్రయోగములు మానవలెననియు, ప్రయోగమునకు ముందును వెనుకను జంతువులను చక్కగా చూడవలెననియు అందు కలదు. పెద్ద జంతువులకు బదులు చిన్నవానితో పని జరుపుకొనవలెననియు కలదు. ఆ చిన్నవాని వరుసలో ఎలుక పేరును వ్రాసియున్నారు.